గెడ్డకి ఆవల, పాక ఎనక: అంకులి గుంటల ఆట మాటలు

బరంపురం ఊరి చివరన అంకులిలో మా ఇల్లూ, మా అప్ప ఇల్లూ ఒకే గోడకి ఇటూ అటూ ఉంటాయి. అప్ప అంటే అక్క. గుంటూరు, కృష్ణా వైపు పాఠకుల కోసం ఇది చెప్పాలి, ఇచ్ఛాపురం వాళ్ళకి అక్కర్లేదు. 2018లో నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై ఇక్కడికి వచ్చి పడ్డాను. మొదటి నెలరోజులు నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పది దాటేసరికి గోడ అవతల నుంచి మా అప్ప మనవడి గొంతు మొదలయ్యేది.

"ఒరే, గెడ్డకి ఆవల ఉన్నాడ్రా! పాక ఎనక సూడు! బేగి రా, నాను సచ్చిపోతన్నాను!"

ఫస్ట్ రోజు నిజంగానే లేచి కూర్చున్నాను. తర్వాత తెలిసింది, వాడు మంచం మీద పడుకుని పబ్‌జీ ఆడుతున్నాడని. ఆ ఆట ఫోన్లలోకి వచ్చింది ఆ ఏడు మార్చిలోనే. వందమంది పారాచూట్లతో ఒక దీవి మీద దిగుతారు, నలుగురు ఒక జట్టు, చివరికి మిగిలిన వాళ్ళు గెలిచినట్టు. జట్టులో నలుగురూ నాలుగు ఊళ్ళలో ఉన్నా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడుకోవచ్చు. ఆటకంటే ఆ మాటలే ఎక్కువ. చంపుకోడం పది నిమిషాలు, కబుర్లు రెండు గంటలు. తిన్నావా, రేపు పరీక్షా, మీ వీధిలో కరెంటుందా, మీ నాన్న తిట్టాడా, ఇవే.

నేను బీకాం వాణ్ణి, భాషాశాస్త్రం చదవలేదు. కానీ ముప్ఫయ్యేడేళ్ళు ఖాతాలు చూసిన వాణ్ణి, ఏ పద్దు ఏ కాలమ్‌లో పడుతుందో చూడడం అలవాటు. గోడకి ఇవతల కూర్చుని వాడి మాటల్ని కాలమ్‌లుగా విడదీశాను. అంకెలన్నీ ఇంగ్లీషు. దిక్కులు చూపించే పట్టీ మీద డిగ్రీలుంటాయి, అవి "టూ టెన్, టూ టెన్" అంటాడు. తుపాకులూ బళ్ళూ ఇంగ్లీషే. మా వీధి ఒడియా స్నేహితుడు జట్టులో ఉంటే హెచ్చరికలు ఒడియా: "పళా" అంటే పారిపో, "లుచి జా" అంటే దాక్కో, "టికే రహ" అంటే కాస్త ఆగు. తెలియని వాళ్ళు కలిస్తే హిందీ. మరి తెలుగుకి మిగిలిందేమిటి? నేల మిగిలింది. గెడ్డ, మెట్ట, తోవ, పాక, మదుం. భయం మిగిలింది, ఓలమ్మో. జాలి మిగిలింది.

ఇక్కడ ఒక సంగతి నన్ను ఆపేసింది. వాడికి గెడ్డ అనే మాట ఎక్కడిది? వాడు పుట్టింది బరంపురంలో, చదివింది ఇంగ్లీషు మీడియం. చిన్న ఏరుకి వాడు ఇంట్లో "నాలా" అంటాడు. అడిగితే చెప్పాడు: జట్టులో సోంపేట వైపు గుంటడు ఒకడున్నాడు, వాడు మ్యాపులో నది కనిపిస్తే గెడ్డ అంటాడు, అదే వీడికీ పట్టుకుంది. ఆ దీవి పేరు ఎరాంగెల్, అందులో ఊళ్ళ పేర్లు పొచింకి, రోజోక్ లాంటివి, అన్నీ రష్యా వాసన. ఆ రష్యా ఏటికి సోంపేట గుంటడు గెడ్డ అని పేరు పెట్టాడు. మా వాడు వెళ్ళి వాళ్ళ మామ్మని అడిగాడట, "మామ్మా, గెడ్డంటే నీకు తెలుసా?" అని. మా అప్ప నవ్వి నవ్వి, "నా పుట్టింటి కాడ ఉండేదిరా, మీ తాతని అడుగు, అందులో పడిపోనాడోపాలి" అందిట. నిజమే, పడ్డాను.

మనవడికి ఒక మాట మామ్మ దగ్గర్నుంచి రాలేదు, మామ్మ పక్క గదిలోనే ఉన్నా. నూరు కిలోమీటర్ల లోపు ఉన్న ముక్కూ మొహం తెలీని కుర్రాడి దగ్గర్నుంచి, అదీ ఆటలోంచి వచ్చింది. దీనికి కారణం వెతికితే మన జిల్లా చరిత్రలోకే వెళ్ళాలి.

1936 ఏప్రిల్ 1 దాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం, బరంపురం అన్నీ మద్రాసు రాజధానిలో ఒకే గంజాం జిల్లా. ఒడియా వాళ్ళకి వేరే రాష్ట్రం ఇవ్వాలని నిర్ణయమయ్యాక, ఓడొనెల్ అధ్యక్షుడిగా వేసిన కమిటీ 1931-32లో హద్దులు పరిశీలించింది. ఎవరి మాతృభాష ఏది అన్న జనాభా లెక్కల గడి మీద అప్పట్లో రెండు వైపులా జరిగిన గొడవ అంతా ఇంతా కాదు. గీత పడేసరికి బరంపురం, పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్ళాయి. ఇచ్ఛాపురం నుంచి కిందకి ఉన్నది విశాఖ జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. గీత ఒడియా వాళ్ళ పక్షాన న్యాయమా, తెలుగు వాళ్ళ పక్షాన న్యాయమా అన్నది ఇప్పుడు తవ్వను. మా ఇంట్లో రెండు భాషల వియ్యాలూ ఉన్నాయి. కానీ గీత వల్ల ఒకటి జరిగింది. గీతకి ఇవతల తెలుగు ఇంటి భాషగా ఉండిపోయింది. వంట, పెళ్ళి, చావు, తగువు, వీటికి పనికొస్తుంది. పొలం, ఏరు, అడివి, ఆఫీసు గురించి మాట్లాడాలంటే ఒడియా. ఒక తరం గడిచేసరికి ఇంట్లో అవసరం పడని మాటలు జారిపోయాయి. గెడ్డ అలాగే జారింది. గీతకి అవతల అది జారలేదు.

పర్లాకిమిడి అన్నాను కాబట్టి గిడుగు రామమూర్తి పంతులు గార్ని తలుచుకోకుండా ఉండలేను. 1863 ఆగస్టు 29న పుట్టారు, ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేశారు, తెలుగులో వాడుక భాష కోసం పోరాడారు, ఆ ఊరు ఒరిస్సాకి వెళ్ళాక రాజమండ్రి చేరారు, 1940లో పోయారు. చాలామంది ఆయన ఏ యాసలో అయినా రాసుకోమన్నారని అనుకుంటారు. అది కాదు. ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం, చదువుకున్న వాళ్ళు మాట్లాడుకునే తీరు. మా "సచ్చిపోనాను" ఆయన పట్టీలో ఉండదు.

అది వేరే దారిన రాతలోకి ఎక్కింది. ఆటలో మాట్లాడ్డమే కాదు, ఆట మొదలయ్యే ముందు టైపు కొట్టుకుంటారు కూడా. మా వాడికి తెలుగు అక్షరాలు రావు, రోమను అక్షరాల్లోనే కొడతాడు. ఒకసారి వాడి ఫోన్ చూశాను. సోంపేట గుంటడు కొట్టింది: "ఏటి బాయ్ లేటు", "కరెంటు పోనాది", "మా అయ్య ఒచ్చీసాడు గావాల, ఉండు". అచ్చు అదే పలుకు. తెలుగు వాచకం చదివి ఉంటే వాళ్ళ చెయ్యి "పోయింది" అని దిద్దేది. బడిలో ఎవరూ గుణింతం నేర్పకపోవడం వల్ల, చెవికి ఎలా వినబడితే అలా కొడుతున్నారు. పోయింది బదులు పోనాది, ఉంది బదులు ఉన్నాది, వెళ్ళు బదులు ఎల్లు, చూడు బదులు సూడు. మా చిన్నప్పుడు ఇవి పరీక్ష కాగితం మీద రాస్తే ఎర్ర సిరా పడేది.

ఇలా ఆటలో మాటలు కొత్తేమీ కాదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు మడ్ అనే ఆట చేశారు. బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. ఆడేవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు టైపు చేసి మాట్లాడుకునేవాళ్ళు. మా బరంపురానికి ఇది చాలా ఆలస్యంగా, 2000 తర్వాత ఇంటర్నెట్ సెంటర్ల రూపంలో వచ్చింది. మా మేనల్లుడు, అంటే ఈ గుంటడి తండ్రి, కౌంటర్ స్ట్రైక్ ఆడడానికి గంటకింత ఇచ్చి కూర్చునేవాడు. అప్పుడు మైకులు లేవు. చెక్క గదుల మీదనుంచి అరుచుకోవడమే. అరిచేది పక్కవీధి వాడితోనే, కాబట్టి సగం ఒడియా సగం తెలుగు. ఊరు దాటింది లేదు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక మాట గోడ దాటింది. నాకు తెలిసి 1936 తర్వాత బరంపురం గుంటలూ సోంపేట గుంటలూ రోజూ రాత్రి గంటలకొద్దీ మాట్లాడుకోవడం ఇదే. రైల్లో పెళ్ళిళ్ళకి వెళ్ళిరావడం లెక్కలోకి రాదు.

ఇంకోటి గమనించాను. మన పెద్దవాళ్ళు కొత్త మనిషి తగిలితే మొదట అడిగేది "ఎవరి తాలూకు బాబూ?" అని. ఇంటిపేరు, ఊరు, మిగతాది దాన్నిబట్టి తెలిసిపోవాలి. నువ్వా, మీరా, అన్నది ఆ తర్వాతే తేలేది. ఆటలో ఆ ప్రశ్న లేదు. పెట్టుకున్న పేరు ఏదో ఉంటుంది, అందరూ "రా" యే. చనువు పెరిగితే అటువైపు నుంచి "మావా", ఇటువైపు నుంచి "భాయ్". మా అప్పకి ఇది నచ్చలేదు. నాకు మొదట నచ్చలేదు, తర్వాత అలవాటైంది. బూతులు మాత్రం ఇప్పటికీ నచ్చవు, అవి మూడు భాషల్లోనూ ఉన్నాయి. ఆటలో బొమ్మకి బట్టలు కొనడానికి వాడు వాళ్ళ నాన్న ఖాతాలోంచి డబ్బు లాగిన రోజు నేను బ్యాంకు వాణ్ణై వాడి చెవి మెలేశాను, అది వేరే సంగతి.

2018 అక్టోబరు, నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి. 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మాకూ గాలి వాన బాగానే కొట్టింది. ఉద్దానంలో అయితే కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలమట్టం, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. 2013లో గోపాలపురం దగ్గర ఫైలిన్ దాటినప్పుడు అలాంటి చీకటి మేమూ చూశాం. మా వాడి ఫోన్లో సోంపేట గుంటడి పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోయింది. వాడి అసలు పేరు తెలీదు, ఫోన్ నంబరు తెలీదు, తండ్రి పేరు తెలీదు. ఎవరి తాలూకో తెలిసి ఉంటే నేనే ఎవరో ఒకర్ని పట్టుకుని వాకబు చేసేవాణ్ణి. అప్పుడనిపించింది, మన పాత ప్రశ్న ఊరికే పుట్టలేదని. మా వాడు అన్నం తినకుండా ఆ పేరే చూస్తూ కూర్చున్నాడు. ఎనిమిదో రోజు రాత్రి గోడ అవతల కేక వినబడింది. "ఒలే! బతికే ఉన్నావేటి!" ఆ రాత్రి ఆట ఆడలేదు. ఎన్ని చెట్లు పోయాయి, ఇంటి మీద రేకులు ఎక్కడ దొరికాయి, మంచినీళ్ళు ఎలా తెచ్చుకున్నారు, రెండు గంటలు అదే. అన్నీ మా చిన్నప్పటి మాటల్లోనే. నేను లైటు తీసేసి గోడకి ఆనుకుని విన్నాను, తప్పయితే తప్పే.

ఆ మర్నాడు ఇద్దరూ నంబర్లు మార్చుకున్నారు. మంచి పనే చేశారు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లు నిషేధించింది, వాటిలో పబ్‌జీ ఒకటి. అక్టోబరు 30 నాటికి ఆట పూర్తిగా ఆగిపోయింది. లాక్‌డౌన్‌లో రోజంతా మాట్లాడుకున్న గుంటలు, నంబరు తీసుకోనివాళ్ళు, ఎక్కడివాళ్ళక్కడే విడిపోయారు. 2021 జులై 2న బీజీఎంఐ అనే పేరుతో మళ్ళీ వచ్చింది, 2022 జులైలో స్టోర్లలోంచి తీసేశారు, 2023 మేలో మళ్ళీ తెచ్చారు. ఒక మాండలికం బతకడానికి ఇంత అస్థిరమైన చోటు ఇంకోటి లేదు. బ్యాంకు భాషలో చెప్పాలంటే సస్పెన్స్ ఖాతాలో పెట్టిన డబ్బు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ రాత సగమే. 1981లో ఉద్యోగంలో చేరాక శిక్షణకి హైదరాబాదు పంపారు. మెస్సులో మొదటి రోజు నేను "ఇదేటండి?" అని అడిగాను. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. చెడ్డవాళ్ళు కారు, తర్వాత స్నేహితులే అయ్యారు. కానీ ఆ రోజునుంచి నేను "ఏమిటండి" నేర్చుకున్నాను. మూడు నెలల్లో నాను పోయి నేను వచ్చింది, బేగి పోయి త్వరగా వచ్చింది. తర్వాత ఊరూరా బదిలీలు. మా అమ్మాయికి నేను నేర్పింది పత్రికల తెలుగు. సెలవులకి ఇంటికొస్తే మా అప్ప అనేది, "ఒరే, నువ్వు మనలాగ మాటాడ్డం మానీసినావు, రేడియోతో మాటాడినట్టుంది." నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

మా వాడికీ అదే జరిగింది. ఒక రాత్రి జట్టులో కొత్తగా కలిసిన హైదరాబాదు గొంతు, వీడి "ఎనక సూడు" విని పగలబడి నవ్వింది, సినిమాలో కామెడీ వేషంలా ఉందంది. వీడు వెంటనే హిందీలోకి మారాడు. రెండు మూడు రోజులు హిందీయే. గోడ ఇవతల నాకు మెస్సు బల్ల గుర్తొచ్చింది. వెళ్ళి ఏదైనా చెప్దామనుకున్నాను, ఏం చెప్పాలో తోచలేదు. నేను చేసింది అదే కదా.

తేల్చింది సోంపేట గుంటడే. "పీఛే దేఖ్" అని వీడు అంటే వాడికి ఎక్కడానికి అర సెకను పట్టింది, ఆ అర సెకనులో వాణ్ణి లేపేశారు. "ఒలే, ఇందీ ఒగ్గేయ్‌రా నాయనా, సచ్చిపోనాను! ఎనక అంటే నాకు చప్పున తెలిసీది కదా!" అని మొత్తుకున్నాడు. మర్నాటి నుంచి మళ్ళీ ఎనకే. ఆ తర్వాత హైదరాబాదు గొంతు కూడా ఆ జట్టులో ఉండిపోయింది. ఈ మధ్య వింటే ఆ కుర్రాడు కూడా "బేగి రా మావా" అంటున్నాడు. వెక్కిరింపుగా మొదలుపెట్టాడో ఏమో, ఇప్పుడు మాత్రం మామూలుగానే అంటున్నాడు.

మా వాడు ఇప్పుడు ఇంజనీరింగు ఆఖరి ఏడు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు పక్కన కూర్చుని వింటానన్నాను. స్పీకరు పెట్టాడు. సోంపేట కుర్రాడు నా దగ్గు విని, "పక్కన ఎవులురా?" అన్నాడు. "మా తాత. మామ్మ తమ్ముడు." అటునుంచి గొంతు మారిపోయింది. "తాతా, దండాలండి. తిన్నారేటి?" ఇన్నాళ్ళకి ఒక్కరికి "అండి" వచ్చింది.

"తిన్నాను నాయనా. మీ కాడ వానలేటి ఈ ఏడు?" అన్నాను. నా నోట ఏటి విని మా వాడు తల తిప్పి చూశాడు. గోడ అవతల నుంచి మా అప్ప ఏదో అంది, సరిగ్గా వినబడలేదు. అటువైపు కుర్రాడు ఊరి గెడ్డ ఈసారి ఎంతవరకు పారిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఇంతలో ఎవరో కాల్చారు కాబోలు, "తాతా, నువ్వు తప్పుకో, నాను సచ్చిపోతన్నాను" అని మా వాడు నన్ను మోచేత్తో పక్కకి తోశాడు.