రేనాటి శాసనాలు: ఊరి భాష పాలన భాషగా మారిన క్రమం

పరిచయం

భాష సమాజంలో పుడుతుంది. ఆ తర్వాత అదే భాష ఆ సమాజానికి రూపురేఖలు దిద్దుతుంది. ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం మంచి ఉదాహరణ. ఎర్రగుంట్ల అనగానే నేడు సిమెంటు కర్మాగారాలు, నాపరాళ్లు, థర్మల్ విద్యుత్ కేంద్రం గుర్తుకు వస్తాయి. ఈ మండలంలోని కలమళ్ల గ్రామంలో, చెన్నకేశవ ఆలయ ఆవరణలో, రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం లభించింది. అందులో తేదీ లేదు. లిపిని బట్టి పండితులు దానిని క్రీ.శ. 575 ప్రాంతానిదిగా నిర్ణయించారు. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో ఇదే మొదటిదని ఎక్కువమంది అంగీకరిస్తారు.

మాట నుంచి వాక్యానికి

అంతకుముందు తెలుగు లేదా? తప్పక ఉంది. అమరావతి శాసనంలోని 'నాగబు', కీసరగుట్ట రాతిమీది 'తొలుచువాండ్రు' వంటి పదాలు అందుకు సాక్ష్యం. కాని అవి విడి మాటలు. శాతవాహనుల శాసనాలు ప్రాకృతంలోను, విష్ణుకుండినుల శాసనాలు సంస్కృతంలోను ఉన్నాయి. అంటే ప్రజలు మాట్లాడే భాష ఒకటి, రాజు రాయించే భాష మరొకటి. కలమళ్ల శాసనంలో చాలా పంక్తులు చెడిపోయినా, ధనంజయుడు రేనాడును ఏలుతున్న కాలంలో వేసిన శాసనమని తెలుగు వాక్యంలోనే తెలుస్తుంది. కమలాపురం ప్రాంతంలోని ఎర్రగుడిపాడు శాసనం కూడా ఈ రాజు కాలానిదే. అందులోని 'ఇచ్చిన' అన్న మాటను నేటికీ మనం అదే రూపంలో వాడుతున్నాం.

రాజులు భాషను ఎందుకు మార్చారు?

రేనాడు కంచి పల్లవులకు, బాదామి చాళుక్యులకు నడుమ ఉన్న సీమ. పడమటి పొరుగున కన్నడంలో శాసనాలు వేయడం అప్పటికే మొదలైంది. హల్మిడి శాసనం క్రీ.శ. 450 ప్రాంతానిదని అంచనా. ఆ ప్రభావం రేనాటి మీద ఉండవచ్చు. అయితే అంతకంటె ముఖ్యమైన కారణం శాసనాల స్వభావంలోనే కనిపిస్తుంది. రేనాటి చోళులు సంస్కృతాన్ని వదిలిపెట్టలేదు. ఈ వంశంవాడే అయిన పుణ్యకుమారుని మాలెపాడు తామ్రశాసనంలో వంశావళిని సంస్కృతంలోనే చెప్పారు. వంశగౌరవం చాటుకోవడానికి పండితుల భాష, ఊళ్లో భూమి దానం చేసినప్పుడు ఊరి భాష. వినేవారిని బట్టి భాషను ఎంచుకున్నారన్నమాట.

దానానికి భంగం కలిగించినవారు పంచమహాపాతకాలు చేసినవారవుతారని ఇలాంటి శాసనాలు హెచ్చరిస్తాయి. ప్రతి ఊరికీ భటులను పంపలేని రాజ్యంలో దానానికి కాపలా ఆ శాపమే. అర్థం కాని శాపం ఎవరినీ భయపెట్టదు. చదువు వచ్చినవారు ఊరికి ఒకరో ఇద్దరో ఉన్నా, వారు పైకి చదివితే మిగిలినవారికి బోధపడాలి. అందుకే తెలుగు రాతికెక్కింది. ఒకసారి ఎక్కిన తర్వాత దాని స్థాయి మారింది. 848 నాటి అద్దంకి శాసనంలో తెలుగు పద్యం కనిపిస్తుంది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ మహాభారతానువాదం ప్రారంభించాడు. రాతలో తెలుగు మొదట భూమి వ్యవహారం నడిపింది, కావ్యం తర్వాత వచ్చింది.

పొలం మాటలు, పన్ను మాటలు

ఈ సీమ రైతు మాటల్లో చరిత్ర పొరలుపొరలుగా కనిపిస్తుంది. చేను, మడి, గట్టు, దుక్కి, విత్తు: ఇవి అచ్చతెలుగు మాటలు. హద్దు, వసూలు, రసీదు, దస్తావేజు, జిల్లా: ఇవి ముస్లిం ప్రభువుల కాలంలో అరబ్బీ, పారశీక భాషల నుంచి వచ్చినవి. 1800లో ఈ ప్రాంతం దత్తమండలాల్లో భాగంగా ఈస్టిండియా కంపెనీ వశమైంది. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. కలెక్టరు, సర్వే, నోటీసు, రిజిస్టరు వంటి మాటలు కంపెనీ పాలనతో ఊళ్లలోకి వచ్చాయి. సేద్యపు మాటలు నిలిచాయి. పన్ను మాటలు ప్రభువుతో పాటు మారాయి. పరభాషా పదాలు చేరడం నష్టం కాదు, రసీదు నేడు తెలుగు మాటే. రైతు తన పొలం కాగితాన్ని తాను చదువుకోలేకపోవడమే నష్టం. అప్పుడు చదివి చెప్పేవాడికి అధికారం దక్కుతుంది.

ఈ సమస్య మనకే పరిమితం కాదు. ఇంగ్లండులో న్యాయస్థానాల ఫ్రెంచి భాష ప్రజలకు అర్థం కావడం లేదని, వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు. అయినా వకీళ్ల ఫ్రెంచి ఆ తర్వాత చాలాకాలం రాతలో కొనసాగింది. మన దగ్గర తెలుగును అధికార భాషగా ప్రకటించే చట్టం 1966లో వచ్చింది. 2008లో కేంద్రం తెలుగుకు ప్రాచీన హోదా ఇచ్చింది. హోదాకు కలమళ్ల శాసనం ఒక ఆధారం. కాని ఆ శాసనం వెనుక ఉన్న సూత్రం హోదా కంటె పెద్దది: ఆజ్ఞ ఎవరిని ఉద్దేశించిందో వారికి అర్థం కావాలి. చట్టం వచ్చి దశాబ్దాలు గడిచినా, నోటీసు చేతికి అందిన రైతు దానిని మరొకరి చేత చదివించుకోవలసి వస్తే, ఆ సూత్రం ఇంకా పూర్తిగా అమలు కానట్లే.

సారాంశం

భాష కేవలం భావాలను మోసే సాధనం కాదు. ఏ భాషలో భూమి లెక్క, తీర్పు, చదువు నడుస్తాయో ఆ భాష తెలిసినవారికి సమాజంలో బలం చేకూరుతుంది. రేనాటి శాసనాలు తెలుగువారికి ఆ బలాన్ని అందించే మార్గంలో తొలి మెట్టు. ఉన్నత విద్యను తెలుగు మాధ్యమంలో చదువుతున్న మీరు కూడా ఆ మార్గంలోనివారే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. రేనాటి చోళులు సంస్కృతాన్ని, తెలుగును ఏయే సందర్భాల్లో వాడారు?
2. సేద్యపు మాటలు నిలిచి, పన్ను మాటలు మారడానికి కారణాలు చర్చించండి.
3. మీ ఊరి భూమి కాగితాల్లోని పది పదాలను సేకరించి, అవి ఏ భాషల నుంచి వచ్చాయో గుర్తించండి.