ఇసుకలో మొదలైన చదువు

పలివెల కొప్పులింగేశ్వరుడి ఊళ్లోనైనా, కోనసీమలో మరో ఊళ్లోనైనా అక్షరాభ్యాసం నాటి ముచ్చట ఒకటే. పళ్లెంలో బియ్యం, పెద్దల ఒడిలో బిడ్డ, ఆ చిట్టి వేలు పట్టి దిద్దించే ఓనమాలు. మర్నాటికి బియ్యం వంటింట్లోకి వెళ్లిపోతుంది. మనం ఒక్కపూట తంతుగా మిగుల్చుకున్న ఈ పనే ఒకప్పుడు అసలు చదువు.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల లెక్కలు అడిగాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ జవాబు రాశాడు: ఇక్కడి పిల్లలు అక్షరాలను ముందు వల్లించరు, నేల మీద ఇసుకలో వేలితో రాసి నేర్చుకుంటారని. ఇసుకకు ఖర్చు లేదు, తప్పు రాస్తే అరచేత్తో చెరిపేయొచ్చు. పైగా మనవి గుండ్రటి అక్షరాలు. 'వ' చివర వంపు చేరితే 'మ' అవుతుందని కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది.

అయితే అదంతా ఆటపాటల బడి అనుకోలేం. బెత్తం ఉండేది. కాంప్‌బెల్ లెక్కలోని 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మందే. ఇసుక అందరిదీ, బడి కొందరిది.

అంతకుముందే ఈ పద్ధతి ఓడెక్కింది. 1789 నుంచి మద్రాసు అనాథ బాలుర శరణాలయాన్ని నడిపిన ఆండ్రూ బెల్, వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలోనూ పెట్టాడు. 1797లో లండన్‌లో దాన్ని అచ్చువేశాడు. ఇంగ్లండు బడుల్లోకి ఇసుక బల్లలు వచ్చాయి. ఇక్కడ మాత్రం పలకా బలపం వచ్చి ఇసుకను పక్కకు నెట్టాయి.

వేలితో అక్షరం నేర్పడం మరో దారిలోనూ వచ్చింది. 1907లో రోములో బడి తెరిచిన మరియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరాలను పిల్లలచేత తడిమించింది. 1939లో ఆమె అడయారు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. 1955లో విజయవాడలో కోటేశ్వరమ్మగారు ఆమె పేరుతోనే బడి పెట్టారు. మన వేలి చదువులాంటిదే ఇలా కొత్త పేరుతో ఇంటికొచ్చింది.

ఇప్పుడు మూడేళ్లకే పెన్సిలిచ్చి నాలుగు గీతల మధ్య రాయమంటున్నాం. పట్టు కుదరని వేళ్లు నొప్పెడితే చదువంటేనే బెదురు పుడుతుంది. గోదావరి పాయల నడుమ ఉన్నవాళ్లకి ఇసుక కరువా? అదీ వద్దంటే, అక్షరాభ్యాసం నాటి పళ్లేన్ని ఓ నెల్లాళ్లు ఎత్తిపెట్టకుండా ఉంచితే చాలు.