మున్నార్: ఆ పచ్చదనం ఎవరిది?

ఈ ఎపిసోడ్‌లో మున్నార్ గురించి మాట్లాడుకుందాం. చలికాలం వచ్చిందంటే మనవాళ్ళు హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి బ్యాగులు సర్దుకుని వెళ్ళే ఊరే. కొచ్చిలో దిగితే సుమారు నూటముప్పై కిలోమీటర్లు, సగం పైన ఘాట్ రోడ్డు. నేనూ అలాగే వెళ్ళాను. ఏ హోటల్ బాగుంటుంది, ఏ పాయింట్లో ఫొటో బాగా వస్తుంది అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. నేను ఆ పని చెయ్యను. ఆ ఫొటోల్లో మన వెనకాల కనిపించే పచ్చదనం ఉంది చూశారా, దాన్ని ఎవరు తయారుచేశారు? అది ఎవరి పేరున ఉంది? అందులో ఎవరు కాపురం ఉంటారు? మూడు ప్రశ్నలకూ జవాబు ఒకటి కాదు. మున్నార్ చరిత్ర అంతా ఆ తేడాలోనే ఉంది.

ముందు పేరు సంగతి. మూణు అంటే మూడు, ఆరు అంటే నది. వాళ్ళ ఆరు, మన ఏరు ఒక్క వేరు నుంచి వచ్చిన మాటలే. ముదిరపుళ, నల్లతణ్ణి, కుండల అనే మూడు ఏర్లు కలిసే చోటు కాబట్టి మున్నార్. ఎత్తు దాదాపు 1,500 మీటర్లు. దక్షిణాదిలోకెల్లా ఎత్తయిన ఆనముడి శిఖరం, 2,695 మీటర్లు, ఈ ఊరి పక్కనే.

ఇప్పుడు మనం చూసే పచ్చదనం అడవి కాదు. ఇది మొదట అర్థం చేసుకోవాలి. ఇక్కడి అసలు ప్రకృతి వేరు: కొండ పైభాగంలో గడ్డి మైదానాలు, లోయ మడతల్లో షోలా అని పిలిచే పొట్టి చెట్ల దట్టమైన అడవి. తేయాకు మొక్క సంగతంటారా, దాన్ని వదిలేస్తే చెట్టయిపోతుంది. నడుము ఎత్తు దాటకుండా కత్తిరిస్తూ, చిగురు తుంచుతూ ఉంటేనే ఆ దుప్పటి పరిచినట్టుండే రూపం వస్తుంది. మధ్యమధ్యలో నిటారుగా నిలబడ్డ సిల్వర్ ఓక్ చెట్లు ఆస్ట్రేలియావి, నీడ కోసం తెచ్చి నాటారు. ఆకు ఎండబెట్టడానికి వంటచెరకు కావాలని యూకలిప్టస్ వేశారు. అంటే కంటికి కనిపించే ప్రతి పచ్చ ముక్క వెనకా ఎవరిదో ఒకరి చెయ్యి ఉంది.

తేయాకుకు ముందు ఇక్కడ ఉన్నవాళ్ళు ముతువాన్లు అనే గిరిజనులు. మధుర నుంచి మీనాక్షి అమ్మవారిని వీపున మోసుకుని కొండెక్కామని వాళ్ళు చెప్పుకునే కథ. ఇక కాగితం మీద ఈ కొండలు పూంజార్ రాజకుటుంబానివి. 1877లో జాన్ డేనియల్ మన్రో అనే దొర ఆ రాజు దగ్గర ఈ కొండల్ని కౌలుకు తీసుకున్నాడు. మన రాయలసీమలో చెప్పుకునే థామస్ మన్రో కాదండీ, ఆయన 1827లోనే పత్తికొండలో కలరాతో పోయాడు. ఈ మన్రో తీసుకున్నది లక్షా ముప్పై వేల ఎకరాల పైచిలుకు. ఏడాది కౌలు 3,000 రూపాయలు. ఆ కొండల్లో బతుకుతున్న ముతువాన్లు ఈ ఒప్పందంలో ఒక పక్షమే కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ కథలో ఇదే పద్ధతి మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మొదట్లో దొరలకి కూడా ఏ పంట వెయ్యాలో తెలియదు. సింకోనా వేశారు, కాఫీ వేశారు, ఏలకులు, కలబంద నార కూడా ప్రయత్నించారు. 1880లో ఎ.హెచ్. షార్ప్ అనే ఆయన పార్వతి అనే చోట యాభై ఎకరాల్లో తేయాకు నాటాడు. అది పట్టుకుంది. 1895లో ఫిన్లే మ్యూర్ కంపెనీ వచ్చింది, 1897లో కణ్ణన్ దేవన్ హిల్స్ ప్రొడ్యూస్ కంపెనీ పుట్టింది. టీ ప్యాకెట్ మీద మనం చదివే కణ్ణన్ దేవన్ అదే.

సరే, అంత కొండని తోటగా మార్చాలంటే మనుషులు కావాలి. ఎక్కడి నుంచి? కొండకి అవతలి పక్కన ఉన్న తమిళ మెట్ట ప్రాంతాల నుంచి. మధుర, రామనాథపురం, తిరునల్వేలి వైపు నుంచి, ఎక్కువగా దళిత కుటుంబాలు. తీసుకొచ్చేవాడు కంగాణి. ఊళ్ళో కుటుంబానికి అడ్వాన్స్ ఇస్తాడు, కొండెక్కిస్తాడు, పని చేయిస్తాడు, ఆ అప్పు కూలిలో కోస్తాడు. పాలమూరు వాళ్ళకి నేను దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు, మన గుంపు మేస్త్రీ పద్ధతికి ఇది అన్న లాంటిది. ఆ రోజుల్లోనే మన ఉత్తర కోస్తా నుంచి, గంజాం నుంచి కూడా జనం అస్సాం తేయాకు తోటలకి వెళ్ళారు. వాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది.

ఈ కూలీలకి కంపెనీ కట్టించిన ఇళ్ళని అక్కడ లయాలు అంటారు. ఒకే కప్పు కింద బారుగా గదులు, ఒక్కో కుటుంబానికి ఒక్కో వాటా. తెలుగు చెవికి ఆ మాట లాయంలాగా వినిపిస్తుంది, గుర్రాల్ని వరసగా కట్టేసే చోటు. రోడ్డు మీద నుంచి చూస్తే ఆ లయాలు పచ్చటి వాలులో బొమ్మల్లా, ముద్దుగా ఉంటాయి. మన కారు ఆగేది కూడా అలాంటి చోటే.

రవాణా కథ చాలా ఆసక్తికరం. తేయాకు పెట్టెల్ని టాప్ స్టేషన్ దాకా చేర్చి, అక్కడి నుంచి రోప్‌వే మీద కిందికి దింపి, బోడినాయకనూరు మీదుగా తూత్తుక్కుడి ఓడరేవుకి పంపేవాళ్ళు. టాప్ స్టేషన్ అన్న పేరు అందుకే మిగిలింది. ఇప్పుడది వ్యూ పాయింట్. 1902లో ఎడ్లు లాగే ఒంటి పట్టా బండి వేశారు, 1908లో దాని స్థానంలో చిన్న రైలు వచ్చింది. అవును, మున్నార్‌లో రైలు నడిచింది! 1924 జూలైలో వచ్చిన వరద దాన్ని తుడిచిపెట్టింది. మలయాళ సంవత్సరం 1099 కాబట్టి కేరళలో ఇప్పటికీ దాన్ని తొంభైతొమ్మిది వరద అంటారు. ఆ రైలు మళ్ళీ వెయ్యలేదు.

ఊళ్ళో ఒక గుట్ట మీద పాత చర్చి ఉంది. చర్చి కన్నా ముందు అక్కడ ఒక సమాధి వచ్చింది. ఎలినార్ నైట్, ఇరవై నాలుగేళ్ళ దొరసాని, 1894లో కలరాతో పోయింది. చర్చి కట్టింది 1910 ప్రాంతంలో. ఆ రాయి ముందు నిలబడితే జాలేస్తుంది, అబద్ధం కాదు. అదే కొండల మీద జ్వరాలకీ, కలరాకీ పోయిన కూలీల పేర్లు ఏ రాయి మీద ఉన్నాయి? నేను తిరిగినంత మేరా నాకు ఒక్కటీ కనపడలేదు.

స్వాతంత్య్రం వచ్చాక 1951లో ప్లాంటేషన్ కార్మిక చట్టం వచ్చింది. కార్మికులకి ఇల్లు, వైద్యం ఇవ్వడం యాజమాన్యం బాధ్యత అయింది. మంచి చట్టమే. కానీ అందులోనే మెలిక ఉంది. ఇల్లు ఉద్యోగంతో ముడిపడింది. 1956 నవంబర్ 1న, మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే, కేరళా పుట్టింది. దేవికుళం, పీర్మేడు తాలూకాల్లో తమిళులు ఎక్కువ కాబట్టి మద్రాసు రాష్ట్రంలో కలపాలని గట్టి ఉద్యమం నడిచింది. కన్యాకుమారి మద్రాసుకి వెళ్ళింది, ఈ కొండలు మాత్రం కేరళలో ఉండిపోయాయి. దాంతో తోట కార్మికులు సొంత రాష్ట్రంలోనే పరాయి భాషవాళ్ళయ్యారు. 1958లో దేవికుళం ఉపఎన్నిక జరిగినప్పుడు కమ్యూనిస్టుల తరఫున ఈ లయాల్లో తిరిగి పాటలు పాడింది పావలర్ వరదరాజన్. మన ఇళయరాజా గారి అన్నయ్య. కేరళ ఎన్నికని తమిళ పాట గెలిపించిందని చెప్పుకుంటారు.

1971లో కేరళ ప్రభుత్వం చట్టం చేసి కణ్ణన్ దేవన్ భూముల్ని వెనక్కి తీసుకుంది. సాగులో ఉన్న తోటలూ, వాటికి అవసరమైన నేలా కలిపి సుమారు 57,000 ఎకరాలు కంపెనీకి వదిలింది. అలా వచ్చిన భూమిలోనే ఇరవికుళం నేషనల్ పార్క్ ఉంది, మనం నీలగిరి తార్‌ని చూడ్డానికి వెళ్ళేది అక్కడికే. తోటలు ఫిన్లే నుంచి టాటా ఫిన్లే, అక్కడి నుంచి 1983లో టాటా టీ చేతికి వచ్చాయి. 2005లో టాటా టీ తోటల నిర్వహణ నుంచి పక్కకి తప్పుకుంది. కొత్త కంపెనీ వచ్చింది, అందులో మెజారిటీ వాటాలు ఉద్యోగులవి. రాజు, దొర, కంపెనీ, టాటా అయ్యాక చివరికి కూలీయే యజమాని అయ్యాడన్నమాట. కథ ఇక్కడ ఆగితే బాగుండేది.

ఆగలేదు. 2015 సెప్టెంబర్‌లో వేలమంది ఆడవాళ్ళు తోటల్లోంచి దిగివచ్చి మున్నార్ రోడ్డు మీద కూర్చున్నారు. రోజు కూలి 232 రూపాయలు. బోనస్ పది శాతానికి తగ్గించారు. యూనియన్లు మా తరఫున మాట్లాడవు, మేమే మాట్లాడతాం అన్నారు. మగ నాయకుల్ని దగ్గరికి రానివ్వలేదు. పొంబిళై ఒరుమై అని పేరు పెట్టుకున్నారు, అంటే ఆడవాళ్ళ ఐక్యత. తొమ్మిది రోజుల్లో ఇరవై శాతం సాధించారు. కూలి 500 కావాలన్న కోరిక మాత్రం తీరలేదు, 301 దగ్గర ఆగింది. ఆలోచించండి. చేతిలో షేర్ కాగితం ఉన్న మనిషి రోడ్డు మీద ఎందుకు కూర్చుంది? షేర్ ఉన్నంత మాత్రాన నిర్ణయం ఆమె చేతికి రాలేదు, ఇల్లూ ఆమెది కాలేదు.

రిటైరైతే గది ఖాళీ చెయ్యాలి. అందుకే ఇంట్లో ఒకరు, చదువుకున్నవాళ్ళయినా సరే, మళ్ళీ తోట పనిలో చేరతారు. ఉద్యోగం కోసం కాదు, ఆ గది కోసం. నాలుగైదు తరాలు అలా గడిచాయి.

2020 ఆగస్టు 6 రాత్రి, రాజమల దగ్గర పెట్టిముడిలో కొండ విరిగి లయాల మీద పడింది. డెబ్బై మంది పోయారు. వాళ్ళలో నలుగురి శవాలు దొరకనే లేదు. కరెంటు లేదు, ఫోను లేదు, బయటికి కబురు అందేసరికి తెల్లారింది. ఒక్కో కుటుంబంలో అందరూ పోయారు, ఎందుకంటే బంధువులందరిదీ ఒకే వరస. పెద్దనాన్న గది, పక్కన చిన్నాన్న గది, ఆ పక్కన మేనత్త గది. ఇంకో చోట ఇల్లు కట్టుకోవడానికి సెంటు భూమి లేనివాళ్ళు వానాకాలం కొండ వాలులో కాక ఎక్కడ పడుకుంటారు?

మున్నార్ వెళ్ళొద్దు అని నేను అనడం లేదు. తప్పకుండా వెళ్ళండి. నల్లతణ్ణి ఎస్టేట్‌లోని టీ మ్యూజియం చూడండి, 1913 నాటి రాతి ఎండ గడియారం ఉంది, చాలా బాగుంటుంది. పొద్దున్నే బయల్దేరితే చిగురు కోసే ఆడవాళ్ళు కనపడతారు. వాళ్ళని అడగకుండా ఫొటో తియ్యకండి. లయం కనిపిస్తే ఒక్క నిమిషం దాన్ని కూడా చూడండి. 1877 నుంచి ఆ కొండ చాలా చేతులు మారింది, పత్రాలు చాలాసార్లు తిరగరాశారు. ఆ గదిలో ఉండేవాళ్ళ పేరున పట్టా రాయడం ఒక్కటే ఇంకా మిగిలిపోయిన పని.

మీ ఊళ్ళ నుంచి ఎవరైనా తేయాకు తోటలకి, కాఫీ తోటలకి వలస వెళ్ళిన కథలుంటే పంపించండి, ఒక ఎపిసోడ్ చేద్దాం.