కుడి స్టీరింగు, కుడి రోడ్డు

2016లో యాంగోన్‌లో (మన పెద్దల రంగూన్!) ఉన్నాను. సంచౌంగ్‌లో ఇల్లు, ఉద్యోగం బాగో నది అవతల తిలవాలో. రోజూ అంత దూరం కదా, డీజిలైతే గిట్టుతుందని ఒక పాత హైలక్స్ సర్ఫ్ చూశాను. చల్లటి ఇంజను స్టార్ట్ చేయించా, నీలంపొగ రాలేదు. అంటే ఆయిలు తాగట్లేదు. పైగా మన దగ్గరలాగే కుడివైపు స్టీరింగు! సంబరంగా కొనేశాను.

తీరా చూస్తే ఇక్కడ బళ్ళు నడిచేదీ కుడివైపే. బ్రిటిష్ వాళ్ళ నాటి ఎడమ పద్ధతిని 1970లో నె విన్ ప్రభుత్వం మార్చేసింది. జ్యోతిష్కుడు చెప్పాడని జనం చెప్పుకునే కథ. రోడ్డు మారింది గానీ బళ్ళు మారలేదు. 2011లో పాత బండి అప్పగిస్తే దిగుమతి పర్మిట్ ఇస్తామనేసరికి జపాన్ సెకండ్‌హ్యాండ్ కార్లు వెల్లువెత్తాయి. అక్కడ నడిపేది ఎడమవైపు కనక స్టీరింగులు కుడివైపే.

ముందున్న లారీని దాటాలంటే బండి సగం ఎదురు వరసలోకి వెళ్ళాకే డ్రైవరుకి అవతల ఏముందో కనిపిస్తుంది. స్టీరింగు మార్పించడం తలకి మించిన పని. ఎడమ అద్దం కింద ముందుకి చూసే చిన్న కెమెరా పెట్టించాను. అయినా ఓ వానరోజు పక్క సీట్లోని బర్మా కుర్రాడు గభాలున నా చెయ్యి పట్టుకున్నాడు. ఎదురుగా బస్సు దూసుకుపోయింది.

ఆ తర్వాత పక్క సీటు ఖాళీగా ఉన్న రోజున బుద్ధిగా లారీ వెనకే వెళ్ళేవాణ్ణి.