నిస్తంత్రీ స్తంభములు – నిలువ విద్యుత్తు

తార్నాక కూడలిలో నిలిచి నలుదిక్కులు చూచినచో మేడలపై ఇనుప స్తంభములు కనబడును. వాని శిఖరములందు తెల్లని పెట్టెలును, తప్పెటలవంటి పళ్ళెములును అమర్చబడియుండును. ఉర్దూలో ‘తార్’ అనగా తీగ, ‘నాకా’ అనగా కాపలా చోటు. పూర్వమొక తోటకు తీగకంచె కట్టి కాపలా పెట్టినందున ఈ పేటకు ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. తీగ పేరిట వెలసిన పేటలో నేడు తీగ లేకయే వార్తలు పోవుచున్నవి. అయితే తీగ అక్కరలేనిది వార్తకే గాని విద్యుత్తుకు కాదు. ఆ తీగలో ప్రవాహము ఆగిననాడు స్తంభము గతి యేమి? ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టినది కాదు.

1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటె రెండు సీసపు రేకులను గంధకికామ్లములో ముంచి, మరల మరల నింపుకొనదగిన మొదటి బాటరీని చేసెను. 1881లో కమిల్ ఫోర్ సీసపు ముద్దను పలకలకు మెత్తు పద్ధతిని కనుగొనిన పిమ్మట అది కర్మాగారములలో తయారు చేయదగిన వస్తువైనది. ఇందులో ఒక్కొక్క గది ఇచ్చునది సుమారు 2 వోల్టులు మాత్రమే. టెలిఫోను ఎక్స్‌ఛేంజీలవారు ఇట్టి గదులను 24 వరుసగా కలిపి 48 వోల్టులు తీసికొనిరి. భూమిలో పాతిన కేబులుల లోహము తేమవలన తినివేయబడకుండుటకై ధనధ్రువమును భూమికి కలిపిరి. ఆ యేర్పాటు నేటికిని పోలేదు. సెల్‌ఫోను స్తంభము క్రింది యంత్రము ఋణ 48 వోల్టులనే కోరును. బాటరీని నిండుగా నిలిపి ఉంచునప్పుడు అది 54 వోల్టుల దరి నుండును. చేతిలోని ఫోను ఎంత నూతనమైనను, దాని స్తంభము తాతలనాటి లెక్కనే నమ్ముకొనియున్నది.

హైదరాబాదు రాజ్యమున దక్కను రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల ప్రసారిణితో గొంతు విప్పెను. నాలుగేండ్ల పిదప, 1939లో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల భవనమునకు ప్రారంభోత్సవము జరిగినది. ఆ కాలమున కరెంటు లేని యింట రేడియో వినవలెనన్నచో రెండు బాటరీలు కావలసియుండెను. వాల్వులలోని సన్నతీగను వేడిచేయుటకు 2 వోల్టుల అక్యుమ్యులేటరు ఒకటి; ప్లేటులకు 90 లేక 120 వోల్టుల పొడి బాటరీ మరియొకటి. అక్యుమ్యులేటరును పట్నమునకు మోసికొనిపోయి, చార్జి చేయించి, ఆమ్లము బట్టలపై చిందకుండ తెచ్చుకొనుట చిన్న పని కాదు. వార్తలు ముగియగానే సెట్టు కట్టివేయు అలవాటు ఇట్లు వచ్చినదే. శ్రోత పొదుపుగా వినవచ్చును గాని, స్తంభము పొదుపుగా పలుకుటకు వీలులేదు. అదియే అసలు చిక్కు.

ఆ చిక్కును లెక్కలో చూతము. విశ్వవిద్యాలయ ఆవరణమునందలి ఒక వసతిగృహమునుండి తార్నాకలోని మేడమీదికి చిన్న నిస్తంత్రీ లంకె వేయదలచితిమనుకొందము. యంత్రమునకు 20 వాట్లు చాలును. 8 గంటలు కరెంటు లేకున్నను నడువవలెను. 160 వాట్-గంటలైనవి, 12 వోల్టుల బాటరీలో 13 ఆంపియరు-గంటలకు కొంచెము పైచిలుకు. సీసపు బాటరీని సగమునకు మించి పిండినచో త్వరగా చెడును గనుక 27 కావలెను. ముసలితనమునకును, మార్గమధ్య నష్టములకును మరికొంత కలిపి 40 ఆంపియరు-గంటల దానిని కొనుట వివేకము. ఇంటి ఇన్వర్టరునే తగిలించిన సరిపోదా యని పలువురు అడుగుదురు. పనిచేయును. కాని బాటరీలోని ఏకముఖ విద్యుత్తును ఏకాంతర విద్యుత్తుగా మార్చి, అడాప్టరుతో మరల ఏకముఖముగా మార్చుట, పిండిని తెచ్చి బియ్యము చేసి, దానినే మరల పిండి కొట్టుటవంటిది. ప్రతి మార్పునకు కొంత సుంకము పోవును.

అన్నిటికంటె పెద్ద శత్రువు వేడి. సీసపు బాటరీ ఆయుర్దాయమును 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లెక్కకట్టుదురు. అంతకు పై 10 డిగ్రీలు పెరిగినచో అది సుమారు సగమగును. హైదరాబాదులో వైశాఖమాసపు ఎండ 40 డిగ్రీలు దాటును. మేడపైని రేకు పెట్టెలో ఇంకను హెచ్చు. కొనువారు ధరను పది అంగళ్ళలో విచారింతురు గాని పెట్టె యెక్కడ నుంచవలెనో విచారింపరు. మా అభిప్రాయమున బాటరీ మెట్లక్రింది నీడలో నుండవలెను. స్తంభముపైకి తీగ మాత్రమే పోవలెను. అయితే తీగ పొడవైన కొలది వోల్టులు తరిగిపోవును. 12కు బదులు 48 వోల్టులు పంపినచో ప్రవాహము నాలుగవవంతగును. తీగలో వ్యర్థమగు శక్తి పదునారవవంతగును. కంప్యూటరు తీగలోనే విద్యుత్తును పంపు ప్రమాణమును 2003లో నిర్ణయించినవారును ఇందుకే 48 వోల్టుల సమీపమును ఎన్నుకొనిరి.

ఆమ్లము చిందని మూసిన బాటరీలకు దారి 1957లో జర్మనీయుడగు ఓట్టో యాఖే ఆమ్లమును జిగురుగా గట్టిపరచుటతో తెరువబడినది. మన తెలుగుదేశమున హైదరాబాదులో 1977లో హెచ్.బి.ఎల్., తిరుపతిలో 1985లో అమరరాజా సంస్థలు వెలసి, తరువాత టెలిఫోను శాఖకును రైళ్ళకును ఇట్టివాటిని చేసియిచ్చినవి. తార్నాక చెంత 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనాలయమువంటి చోట్ల నిలువ విద్యుత్తు విలువ అందరికిని తెలిసినదే. భూకంపము ముందుగా కబురు పంపదు; భూకంపలేఖిని ఒక్క నిమిషమైనను నిద్రింపరాదు.

1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడినప్పుడు తీగలన్నియు తెగిపోయి, ఆ ఘోరము బయటి లోకమునకు ఆలస్యముగా తెలిసినది. వేలకొలది జనులు మరణించిరి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చునప్పటికి హైదరాబాదుకు చెందిన అమెచ్యూరు రేడియో బృందమొకటి అండమానులలో నుండుటవలన పోర్టుబ్లేరునుండి క్షేమ సమాచారములు ఆకాశమార్గమున రాగలిగినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. అప్పటికి ప్రతి చేతిలోను ఫోనున్నది, ప్రతి వీధిలోను స్తంభమున్నది. కరెంటు పోయినది, బాటరీలు కొన్ని గంటలు లాగి ఆగినవి, డీజిలు కొఱకు జనులును స్తంభములును ఒకే బంకుపై ఆధారపడవలసివచ్చినది. నిలిచియున్న స్తంభములును మూగవోయినవి. దినములకొలది తల్లిదండ్రుల క్షేమము తెలియక దూరదేశములలోని బిడ్డలు తల్లడిల్లిరి.

డీజిలు యంత్రములను తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2012 జనవరిలో ఉత్తరువు చేసినది. 2015 నాటికి గ్రామ స్తంభములలో సగమును, పట్టణములలో అయిదవవంతును సూర్యరశ్మివంటి తరుగని శక్తిని కరెంటుతో జోడించి నడుపవలెననెను. 1997లో గుడెనఫ్ బృందము ప్రకటించిన లిథియము–ఇనుము–ఫాస్ఫేటు బాటరీ ఇందుకు తోడైనది. దీనిని సగమునకు మించి వాడుకొనవచ్చును, వేలమారులు నింపవచ్చును. ధర మాత్రము హెచ్చు, సరిపడని చార్జరును సహింపదు. ఇందులో ఒక్కొక్క గదికి 3.2 వోల్టులు. పదునారు గదులు కలిపినచో 51.2 వోల్టులగును గనుక పాత 48 వోల్టుల యంత్రమును మార్చనక్కరలేక దానినే తగిలించుచున్నారు.