కూలినదా, కూల్చినదా? – ఆంగ్ల వినాశవాచకాలలో కర్తృత్వం

వినాశానంతర అవశేషాలకు ఆంగ్లంలో ఏర్పడిన పదాలన్నీ ఒకే దృష్టితో పుట్టినవి కావు. 'రూయిన్' పదానికి మూలం లాటిన్ 'రుయినా'; కూలిపోవడం దాని అర్థం. అక్కడ కూల్చినవాడు కనిపించడు. ఫ్రెంచి నుండి వచ్చిన 'డెబ్రీ'కి పగలగొట్టడమనే క్రియ మూలం. కనుక అందులో కర్త జాడ ఉంది. 'ఆఫ్టర్‌మాత్' మార్గం వేరు. అందులోని 'మాత్' గడ్డి కోతను తెలిపే పాతమాట. కోసిన నేలలో మళ్లీ పెరిగిన గడ్డికి 16వ శతాబ్దిలో ఆ పేరుండేది. నేడు అది యుద్ధాలు, విపత్తుల తరువాతి దుస్థితినే ఎక్కువగా సూచిస్తున్నది. చిగురింపు మరుగున పడింది.

ఈ భేదం తెలుగు చరిత్ర రచనకూ వర్తిస్తుంది. 'రూయిన్స్'కు సమానార్థకంగా వాడే 'శిథిలాలు' సంస్కృత 'శిథిల' శబ్దం నుండి వచ్చింది. వదులైనదని దాని మూలార్థం. 1565 నాటి యుద్ధం తరువాత దోపిడికీ విధ్వంసానికీ గురైన విజయనగరాన్ని 'హంపి శిథిలాలు' అన్నప్పుడు, కాలక్రమంలో నగరం తనంత తానే సడలిపోయినట్లు ధ్వనిస్తుంది. కూలు, కూల్చు అనే క్రియాభేదం తెలుగుకు సహజం. 'కూలిన నగరం', 'కూల్చిన నగరం' అనే రెండింటిలో ఒకదానిని ఎంచుకోవడం శైలికి సంబంధించినది మాత్రమే కాదు. అది చారిత్రక నిర్ణయం కూడా.