డైట్ మొదలెట్టిన వారంలోనే 4 కిలోలు తగ్గారా? ముందు ధాన్యం బస్తా లెక్క తెలుసుకోండి!

సోమవారం అన్నం మానేశారు. ఆదివారం పొద్దున్నే వెయింగ్ మెషిన్ ఎక్కితే ఏకంగా 4 కిలోలు తగ్గినట్టు చూపించింది. వెంటనే ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశారు. "సూపర్", "ఆ డైట్ ఏంటో మాకూ చెప్పు" అంటూ మెసేజ్‌లే మెసేజ్‌లు. కట్ చేస్తే మూడో వారం. నంబర్ కదలడం లేదు. మధ్యలో ఓ పెళ్లి భోజనం తగిలింది, మర్నాడు చూస్తే 2 కిలోలు వెనక్కి వచ్చేశాయి. "ఇదంతా వేస్ట్" అని డైట్ ఆపేశారు. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఈ కథ జరగని వీధి ఉండదేమో!

అసలు ఆ 4 కిలోలు ఏమయ్యాయి? మళ్లీ అంత తొందరగా ఎలా వచ్చాయి? దీనికి జవాబు మన ధాన్యం కొనుగోలు కేంద్రంలోనే ఉంది.

సార్వా కోతలయ్యాక రోడ్ల పక్కన ధాన్యం ఎందుకు ఆరబోస్తారో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర పేచీ. 22 శాతం తేమ ఉన్న 75 కిలోల బస్తాను 17 శాతానికి ఆరబెడితే ఎంత తూగుతుందో లెక్కేయండి. సుమారు 70న్నర కిలోలు. అంటే నాలుగున్నర కిలోలు పోయాయి. కానీ ఒక్క గింజ కూడా పోలేదు! పోయింది నీరే.

డైట్ తొలి వారంలో మన ఒంట్లో జరిగేది కూడా చాలా వరకు ఇదే.

ఒంట్లో నీరు ఎక్కడ దాక్కుంటుంది?

మనం తిన్న అన్నం, ఇడ్లీ, చపాతీ గ్లూకోజ్‌గా మారతాయి. అప్పటికప్పుడు ఖర్చవ్వని గ్లూకోజ్‌లో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు. మనిషిని బట్టి అటూ ఇటూ ఉంటుంది. అయితే ఈ గ్లైకోజెన్ ఒంటరిగా ఉండదు. ఒక్కో గ్రాము తనతో పాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఈ నిల్వ చాలావరకు కరిగిపోతుంది, దాంతో పాటు ఆ నీరూ పోతుంది. అర కిలో గ్లైకోజెన్, కిలోన్నర నీరు. దాదాపు 2 కిలోలు ఇక్కడే సరి!

రెండోది ఇన్సులిన్. ఇది షుగర్ సంగతి మాత్రమే చూస్తుందని చాలామంది అనుకుంటారు. కిడ్నీలు ఉప్పును పట్టి ఉంచుకోవడంలో కూడా దీని పాత్ర ఉంది. పిండి పదార్థాలు తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, కిడ్నీలు ఉప్పును వదిలేస్తాయి, ఉప్పు వెంటే నీళ్లు వెళ్లిపోతాయి. డైట్ మొదలెట్టిన కొత్తలో మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తేది ఇందుకే. దీనికి తోడు ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు, బజ్జీలు కూడా మానేస్తారు కదా, లోపలికి వెళ్లే ఉప్పే తగ్గిపోతుంది. ఒంట్లో ప్రతి 9 గ్రాముల ఉప్పుకి సుమారు లీటరు నీరు నిలుస్తుంది. సెలైన్ బాటిల్‌లో ఉండే లెక్క కూడా ఇదే, లీటరుకి 9 గ్రాములు.

ఇక తిండి తగ్గితే పేగుల్లో ఉండే సరుకూ తగ్గుతుంది. అది కూడా కాటా మీద కనిపించే బరువే.

తెలుగు రాష్ట్రాల్లో 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ డైట్ ఎలా ఊపేసిందో గుర్తుండే ఉంటుంది. అన్నం, పప్పులు, పళ్లు బంద్. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, ఎక్కువమంది తీసుకున్నది కొబ్బరి నూనె. 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, 2 మల్టీవిటమిన్ మాత్రలు. దీని మీద టీవీ చర్చల్లో పెద్ద రచ్చే నడిచింది. డాక్టర్లు అభ్యంతరాలు చెప్పారు, పాటించినవాళ్లు తగ్గిన కిలోలు చూపించారు. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే మంతెన సత్యనారాయణ రాజు ఉప్పు, నూనె లేని వంటలు చెబుతూ వచ్చారు. రెండు దారులకీ పొంతనే లేదు. ఒకటి నూనె తాగమంటుంది, ఇంకోటి నూనె వద్దంటుంది. కానీ తొలి వారం నీటి బరువు రెండింటిలోనూ దిగుతుంది. ఒకదాంట్లో అన్నం ఆగడం వల్ల, ఇంకోదాంట్లో ఉప్పు ఆగడం వల్ల. అందుకే "వారంలో ఇంత తగ్గాను" అన్న మాటతో ఏ డైట్ గొప్పదో తేల్చలేం.

10 రోజుల ప్రయోగంలో ఏం తేలింది?

దీన్ని పక్కాగా కొలిచిన పరిశోధన ఒకటి ఉంది. 1976లో యాంగ్, వాన్ ఇటాలీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఆరుగురు ఊబకాయుల మీద చేశారు. 10 రోజులు 800 క్యాలరీల కీటో డైట్, ఇంకో 10 రోజులు అవే 800 క్యాలరీలతో మామూలు డైట్. కీటోలో రోజుకు సగటున 467 గ్రాములు తగ్గారు. మామూలు డైట్‌లో 278 గ్రాములే. కీటో గెలిచినట్టే కదా?

ఆగండి. ఆ తగ్గిన బరువులో ఏముందో కూడా వాళ్లు కొలిచారు. కీటోలో 61 శాతం నీరు, 35 శాతం కొవ్వు. మామూలు డైట్‌లో 37 శాతం నీరు, 59న్నర శాతం కొవ్వు. ఇప్పుడు గుణించి చూడండి. కీటోలో రోజుకు కరిగిన కొవ్వు 163 గ్రాములు. మామూలు డైట్‌లో 165 గ్రాములు. అంటే ఇంచుమించు సమానం! కాటా మీద కనిపించిన తేడా అంతా నీళ్లదే. (ఈ లెక్క చదివాక మా డెస్క్‌లో ఒకరు తన పాత వాట్సాప్ స్టేటస్‌లు డిలీట్ చేశారు.)

అలాగని కీటో పనికిరాదని కాదు. కొందరికి ఆకలి తగ్గుతుంది, పాటించడం తేలికవుతుంది. తొలి వారం నంబర్ చూసి మాత్రం దానికి మార్కులు వేయొద్దు.

ఇంకో లెక్క. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు తక్కువ పడాలి. వారంలో 4 కిలోల కొవ్వే పోవాలంటే రోజుకు 4,400 క్యాలరీల లోటు ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో బరువు పని చేసే మగవాళ్లకే రోజుకు 3,470 క్యాలరీలు చాలు. మొత్తం పస్తున్నా ఆ లోటు రాదు!

పెళ్లి భోజనం తర్వాత 2 కిలోలు ఎలా వచ్చాయి?

పులిహోర, బూరెలు, బిర్యానీ, రెండు ఐస్‌క్రీములు. ఖాళీ అయిన గ్లైకోజెన్ మళ్లీ నిండుతుంది, ఉప్పూ చేరుతుంది, రెండూ నీటిని పట్టుకుంటాయి. ఆరబోసిన ధాన్యం మీద వాన పడ్డట్టే! 2 కిలోల కొవ్వు కొత్తగా చేరాలంటే మామూలు తిండి కాక ఇంకో 15,400 క్యాలరీలు తినాలి. సంక్రాంతికి కొత్త అల్లుడి ముందు వందల రకాలు పేర్చిన వీడియోలు మనమే వేస్తుంటాం కానీ, ఆ అల్లుడికి కూడా ఒక్క పూటలో అది సాధ్యం కాదు. రెండు మూడు రోజులు మళ్లీ దారిలో పడితే ఆ నీటిలో చాలా భాగం పోతుంది. కానీ ఎక్కువమంది సరిగ్గా ఈ రోజే డైట్ వదిలేస్తున్నారు. రెండు వారాల్లో నిజంగా కరిగిన కిలో, కిలోన్నర కొవ్వు సంగతి ఎవరికీ గుర్తుండదు.

మాత్రలు వేసుకునేవాళ్లూ, ఇది మీకే!

నీళ్లే కదా పోతే పోయాయి అనుకోవద్దు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. నీరు, ఉప్పు పోతే బీపీ కూడా దిగుతుంది. అప్పటికే బీపీ మాత్రలు, ముఖ్యంగా నీరు లాగే మాత్రలు వాడుతుంటే రెండూ కలిసి మరీ పడిపోవచ్చు. మంచం మీంచి లేవగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, నీరసం, తలనొప్పి, మలబద్ధకం. దీన్నే కీటో ఫ్లూ అంటారు. వయసు మళ్లినవాళ్లు తూలి పడితే తుంటి ఎముక దాకా వస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ అదే డోసులో వాడుతూ అన్నం ఒక్కసారిగా ఆపేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు తాగాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలతో ఇంకో ముప్పు. అన్నం పూర్తిగా మానేసినా, పస్తులున్నా రక్తంలో ఆమ్లాలు పెరిగిపోవచ్చు. మీటర్‌లో షుగర్ మరీ ఎక్కువ చూపించకపోయినా ఇది జరగొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే డైట్ వల్లే అని ఇంట్లో కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అలాగని మాత్రలు మీరే ఆపేయకండి. డోసు మార్చే పని డాక్టర్‌ది, అదీ డైట్ మొదలుపెట్టే ముందే.

గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లు ఎవరో చెప్పారని రోజుకు 4 లీటర్ల నీళ్లు తాగేయడం కూడా తప్పే.

కైకలూరు, మండవల్లి వైపు చేపల చెరువుల మీద మే నెల ఎండలో పనిచేసేవాళ్ల సంగతి వేరే చెప్పాలి. చెమటతో ఉప్పు, నీరు ఎలాగూ పోతాయి. దాని మీద డైట్ కూడా తోడైతే వడదెబ్బకి దారి ఇచ్చినట్టే. బీపీ, కిడ్నీ సమస్యలు లేకపోతే ఉప్పు వేసిన మజ్జిగ మానొద్దు. చేపలూ మానక్కర్లేదు. వేపుడు కాకుండా పులుసు పెట్టుకుంటే చాలు. 100 గ్రాముల చేపలో సుమారు 17 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కండ కరగకుండా చూసుకోవడానికి అది కావాలి. పక్కన అన్నం మాత్రం కొలిచి పెట్టుకోండి.

తొలి రెండు వారాలు దాటాక కూడా వారానికి కిలోన్నర మించి తగ్గుతూనే ఉంటే పిత్తాశయంలో రాళ్ల ముప్పు పెరుగుతుంది. ఇక ఏ డైటూ చేయకుండానే ఆరు నెలలు, ఏడాదిలో 5 శాతం బరువు తగ్గితే సంబరపడొద్దు. షుగర్, థైరాయిడ్, టీబీ పరీక్షలు చేయించుకోండి.

మరి నిజంగా తగ్గామో లేదో ఎలా తెలుస్తుంది?

రోజూ కాటా ఎక్కినా ఒక్క రోజు నంబర్ పట్టించుకోకండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే మెషిన్ మీద చూసుకుని వారం సగటు తీయండి. ఆడవాళ్లకు నెలసరి ముందు ఒకటి, ఒకటిన్నర కిలో పెరగడం మామూలే, అదీ నీరే. కాబట్టి పోయిన నెల అదే రోజులతో పోల్చుకోవాలి. టైలర్ టేప్ ఒకటి తెచ్చి 15 రోజులకోసారి నడుము కొలవండి. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ అని లెక్క. తొలి వారం అంకె పక్కన పెట్టి, మూడో వారం నుంచి రాసుకోవడం మొదలెట్టండి. అప్పటి నుంచి వారానికి అర కిలో చొప్పున దిగుతుంటే, అందులో ఎక్కువ భాగం కొవ్వే.